ఆకు కోసిన చేను

"ఫొటో ఎవడు తీసిండు? గది చెప్పు ముందుగాల!" రాందాస్ కల్లం నడుమ నిలబడి అరుస్తున్నాడు.

"ఎవడు తీస్తే ఏంది బాపు? ఊరి గ్రూపుల తిరుగుతున్నది. మా ఆఫీసుకు పోయింది. మా ఎస్సై సారు చూసిండు." కొడుకు నితీష్ గొంతు తగ్గించాడు. "నువ్వు జర మెల్లగ మాట్లాడు."

మెల్లగా మాట్లాడడం రాందాస్‌కు అరవై దాటినా పట్టుబడలేదు. కల్లం అవతలి చివర బాయిలర్ డ్రమ్ముల్లో పసుపు ఉడుకుతోంది. కూలికి వచ్చి కొమ్ములు ఏరుతున్న కైకిలి ఆడవాళ్ళు తలలు వంచుకునే ఉన్నారు. చెవులు మాత్రం ఇటే పెట్టారు. పని మానకుండా వినగలిగిన కొట్లాట అంటే ఎవరికి చేదు?

తప్పంతా నిన్న జరిగింది. ఎగువన ఉన్న మీది మడిలో పసుపు ఆకు కోయించాలి. కైకిలి వాళ్ళు దొరకడమే గగనమైన రోజులు. దొరికిన రోజే రాందాస్ భార్య రేణుకమ్మ వాళ్ళను చేనులోకి తోలేసింది. మొగుడు ధర చూసి వస్తానని నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయాడు, వచ్చేసరికి పని అయిపోయి ఉంటే సంతోషిస్తాడని అనుకుంది పాపం. నడుమెత్తు ఆకు పోయేసరికి, గట్టు వెంట ఆముదం చెట్ల మధ్య వానాకాలం నుంచి గుట్టుగా ఉన్న నాలుగు గంజాయి చెట్లు బట్టతల మీద మిగిలిన వెంట్రుకల్లా బయటపడ్డాయి, ఎవరో ఫోన్‌లో ఫొటో కొట్టారు.

ఎవరి చేనులో? ఎక్సైజ్ కానిస్టేబుల్ కన్నతండ్రి చేనులో.

"అనిల్ ఫోన్ చేసిండు," అన్నాడు నితీష్. అనిల్‌కుమార్ అతనితో పాటే ఉద్యోగంలో చేరినవాడు, ఒకే స్టేషన్. "మధ్యాహ్నం అన్నం తిని బయలెల్తరంట. నన్ను ఇంటికాన్నే ఉండమన్నరు."

"రానీ. నాకేం భయమా? నేనే పెట్టినంట. శివునికి పెట్టినంట."

"శివుడు వచ్చి సంతకం పెడ్తడా?"

"నీ కోసమే పెట్టిన్రా! నువ్వు పుట్టినప్పుడు పాలు పట్టకపోతివి. ఏడ్వనీకి సుత సత్తువ లేకుండె నీకు. కందకుర్తి కాడ నదులు కలిసే జాగల ధుని అగ్గి ముందట కూసున్న సాధువు నీ నెత్తి మీద చెయ్యి పెట్టిండు. ఏటా శివరాత్రికి నా చేన్ల పండింది తెచ్చి ధుని కాడ పెడ్త అని మొక్కిన. ఆనాటి సంది ఒక్క ఏడు తప్పలే."

మొక్కు నిజమే. కాకపోతే ధునికి చేరేలోపు పొద్దుగూకే వేళల్లో ఎన్ని దమ్ములు రాందాస్ చిలుంలోకి పోయాయో ఊరందరికీ తెలుసు. తాటిచెట్టు ఎందుకెక్కినవంటే దూడగడ్డి కోసమన్నాడట ఒకాయన. రాందాస్ ఆయనకు దగ్గరి చుట్టమే.

"గా మొక్కు నన్ను బతికిచ్చింది బాపు. గిప్పుడు గదే సంపుతున్నది," అన్నాడు నితీష్. "నేను పోయి పీకేస్తే సాక్ష్యం మాయం జేసినట్టు. నౌకరి పోతది, జైలు పడ్తది. పీకకుంటే నువ్వు పోతవు. చేను అవ్వ పేరు మీద ఉన్నది. సారు మనసుల ఏముందో ఏమో, అవ్వను సుత గుంజుతరు. ఏం జెయ్యాలె చెప్పు. ముందల బాయి, ఎనక గొయ్యి."

 భార్య మాట వచ్చేసరికి రాందాస్ గొంతులో వేడి కొంచెం తగ్గింది. తగ్గినట్టు కొడుకుకు తెలియడం ఇష్టం లేక మళ్ళీ అందుకున్నాడు.

"నా చిన్నప్పుడు సర్కారు లైసెన్సు తోనే అమ్మేటోళ్ళురా గంజాయి. మా అయ్య నన్ను ఎంబటి తీస్కపోయేటోడు. ఠాణా ముంగటి నుంచే పోయేటోళ్ళం. పోలీసు జమాన్లు సలాం కొట్టేటోళ్ళు. ఎవ్వడు దొంగ గాకపోతుండె. గిప్పుడు ఢిల్లీల కూసున్నోడు కలం గీకిండు, మేము దొంగలమైనం. వైన్సు దుకాణాలకేమో సర్కారే లాటరీ తీస్తది. చక్కెర ఫ్యాక్టరీ మూతబడి చెరుకు పాయె, పనులు పాయె, తాగి తాగి సచ్చినోళ్ళు ఊరికి ఎంతమంది లేరు? గంజాయి తాగి సచ్చినోన్ని ఒక్కన్ని సూపియ్యి. ఒక్కన్ని!"

"సావకపోవచ్చు బాపు. బతికుండి ఎందుకూ పనికిరాకుండ పోయినోళ్ళను సూపిస్త."

అనేశాక గానీ నితీష్‌కు వెనక ఎవరున్నారో గుర్తు రాలేదు.

అతని భార్య అంకిత వేపకట్టె కుర్చీలో కూర్చుని ఉంది. సర్కారు దవాఖానాలో నర్సు. పొద్దున రాత్రి డ్యూటీ దిగి వచ్చింది, ఇంకా తెల్ల కోటు కూడా విప్పలేదు.  ఆమె తమ్ముడు బంటి పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకుండానే ఇప్పుడు అతను కల్లంలోకి వచ్చి కూర్చున్నాడు.

"సూపించు," అంది అంకిత. "పేరు పెట్టి సూపించు."

"నేను వాన్ని అనలేదు అంకితా."

"వాన్నే అన్నవు. నిజమే గద, పనికిరాకుండ పోయిండు." ఆమె గొంతు పెంచలేదు. "మామా, నీ శివుని సంగతి నాకు తెల్వదు. నేనైతే దాన్ని మంచిదని అన. ఇంటర్‌ల మొదలువెట్టిండు మా బంటి. చదువు పాయె, నిద్ర పాయె, గోడలతోని మాట్లాడుడు మొదలువెట్టిండు. దవాఖానకు తీస్కపోదామంటే మా నాయిన వద్దన్నడు. డాక్టరు పోలీసులకు చెప్తడేమో అని భయం. జరం వస్తే తీస్కపోతం. దీనికి తీస్కపోలే."

"గందుకే గద చట్టమున్నది," అన్నాడు నితీష్.

"చట్టం ఉండంగనే దొరికింది వానికి. కాలేజి గేటు కాన్నే దొరికింది. అమ్మినోడు పైసలడిగిండు గని వయసు అడగలే. అదే దుకాణం ఉంటే, బోర్డు ఉంటే, పిలగానికి అమ్మితే దుకాణం బందైతదన్న భయం ఉండకపోవునా?"

"దుకాణం పెట్టాలంటవా? నర్సువై ఉండి?"

"నర్సునై ఉండే అంటున్న. కల్లుల మత్తుమందు పొడి కలిపి అమ్ముతరు. రెండు దినాలు కల్లు దొరక్కపోతే ఫిట్సు వచ్చి మనుషులు మంచాలకు కొట్టుకుంటరు, తాళ్ళతోని కట్టేస్తం. అది బందు జేసిండ్రు, ఇది బందు జేసిండ్రు, బందు జేసినప్పుడల్లా అంతకన్న పాడుది ఒకటి వస్తది. కానరాకుండ వస్తది. అండ్ల ఏం కలిసిందో మాకు తెల్వది, తాగినోనికి తెల్వది. కండ్లకు కనబడ్డదానికైతే మందు రాయొచ్చు."

రాందాస్ గెలిచినట్టు తల ఊపబోయాడు. కోడలు ఆయన వైపు చూసిన చూపుకు ఆ తల మధ్యలోనే ఆగిపోయింది.

"నువ్వు ఊపకు మామా. నీ చెట్లే ఏ బంటి చేతికి పోయినయో నీకు తెల్వది."

"నేను అమ్మలే! పాణం పోయినా అమ్మలే!"

"అమ్మలే. సరే."

 బాయిలర్ బుస్సుమని ఆవిరి వదులుతోంది. ఉడికిన పసుపు వాసన కల్లమంతా కమ్ముకుంది.

"బంటి జేబుల చిన్న పొట్లం దొరికింది," అంది అంకిత మళ్ళీ. ఈసారి మొగుడితో. "ఉన్నోళ్ళ పిల్లలు ఇద్దరు వానితోనే దొరికిండ్రు. ఇంటికి పోయిండ్రు. మావోడు లోపటికి పోయిండు. పోయినప్పుడు వానికి అమ్మేటోడు ఒక్కడే తెలుసు. బయటికొచ్చేటాల్లకు జిల్లాల అమ్మేటోళ్ళందరు తెలుసు. ఆ దినం నీ కాళ్ళు పట్టుకున్న. నువ్వేమన్నవు?"

నితీష్ కాలి దగ్గరి పసుపు కొమ్మును ఏరి రాశి మీదికి విసిరాడు.

"ఏమన్నవు? బాపు ముంగట చెప్పు."

"చట్టానికి బామ్మర్దులుండరన్న."

"మరి బాపులుంటరా?"

ఈ ప్రశ్న తనను అడుగుతుందని నితీష్‌కు పొద్దున ఫోన్ వచ్చినప్పుడే తెలుసు. అడగకుండా ఉంటే బాగుండునని దేవుడికి కూడా మొక్కుకున్నాడు. ఈ ఇంట్లో మొక్కులు ఎటు తిప్పినా అడ్డమే తిరుగుతాయి.

"నాకు తెల్వదనుకుంటున్నవా?" అన్నాడు నితీష్. "వారం వారం దాడులు చేస్తం. ఈడ పీకితే ఆడ మొలుస్తది. మోసేటోడు దొరుకుతడు, మోయించేటోడు దొరకడు. ఒక్కనాడన్న పెద్దోన్ని పట్టుకొస్తిమా? లే. మరి నన్నేం జెయ్యమంటవు? చట్టం మారేదాంక నౌకరి ఎగబెట్టి కూసోవాల్నా?"

"మారాలె అని నోరు తెరిచి ఒక్కనాడన్న అన్నవా? స్టేషన్‌ల కాదు. ఇంట్లన్న? నా ముంగటన్న?"

"కానిస్టేబుల్ మాట ఎవడు ఇంటడు అంకితా?"

"నేనింటుంటి," అందామె.

అప్పుడు వాసన వచ్చింది.

మొదట రాందాస్ ముక్కుకు తగిలింది. అలవాటున్న ముక్కు కదా. ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని బాయిలర్ వైపు తిరిగాడు. కింద పొయ్యిలోంచి తెల్లటి పొగ దట్టంగా లేచి, గాలికి వంగి, సరాసరి ఊరి మీదికి పోతోంది. కైకిలి ఆడవాళ్ళు దగ్గుతూ, కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని లోలోపల నవ్వుతున్నారు.

పొయ్యి ముందు బాయిలర్ నడిపే ఆత్మారాం ఇనుప చువ్వతో కట్టెలు ఎగదోస్తున్నాడు. పక్కన రేణుకమ్మ చేతులకంటిన మట్టి దులుపుకుంటోంది.

వాళ్ళు చట్టం గురించి కొట్లాడుతుంటే ఆమె ఇల్లు చక్కబెట్టుకుంది. మీది మడికి పోయి నాలుగు చెట్లూ వేళ్ళతో పెళ్ళగించి, నిన్న కోసిన పసుపాకులో చుట్టి, మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. పచ్చి గంజాయి చెట్టు మండదు, పొగలే కక్కుతుందని, ఆ పొగ ఊరందరికీ కబురు చెబుతుందని ఆ తల్లికి తోచలేదు. కలుపు ఏదైనా పొయ్యిలో పడితే బూడిదేనని ఆమె లెక్క.

"అవ్వా! ఏం జేసినవే!" నితీష్ పరుగెత్తాడు.

"కలుపు పీకేసిన. ఏమైంది? మీరు రామాయణం సదువుకుంట కూసుంటే జీపు వచ్చేదాంక సూస్త ఉండాల్నా?"

"నా తప్పు లేదు," ఆత్మారాం బిక్కమొహం వేశాడు. "హే కాయ్, ఇది ఏంది అని అడిగిన. ఆయీ కలుపు అన్నది. ఎయ్యి అన్నది. ఏసిన."

ఆత్మారాం మహారాష్ట్రలో ధర్మాబాద్ పక్కవాడు. ఏటా పసుపు కాలంలో బాయిలర్ ట్రాక్టరుతో నది దాటి వస్తాడు. ఈ ఇంట్లోనే తింటాడు, ఈ కల్లంలోనే పడుకుంటాడు. రేణుకమ్మ ఆయనకంటే రెండు మూడేళ్ళు చిన్నదే అయినా, అన్నం పెట్టిన చేయి కాబట్టి తమ భాషలో తల్లిని పిలిచినట్టు ఆయీ అంటాడు. అది కలుపు కాదని ఆయనకు వాసనతోనే తెలిసింది. ఆయీ చెప్పింది, వేశాడు.

"గుంజు! బయటికి గుంజు కాకా!" అన్నాడు నితీష్.

"గుంజొద్దు! కాలనీ!" అరిచాడు రాందాస్.

ఆత్మారాం ఒకసారి చువ్వ లోపలికి పెట్టాడు, ఒకసారి బయటికి తీశాడు. సగం కాలిన కొమ్మ ఒకటి చువ్వకు తగులుకుని వచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని నిలబడ్డప్పుడే జీపు కల్లంలోకి తిరిగింది.

అన్నం తినకుండానే బయల్దేరినట్టున్నారు.

అనిల్‌కుమార్ ముందు దిగి, నితీష్ మొహం చూడకుండా పొయ్యి దగ్గరికి పోయాడు. ఎస్సై దిగి గాలి పీల్చాడు. ఈ మధ్యే బదిలీ మీద వచ్చిన మనిషి, నడివయసు, నిద్ర చాలని కళ్ళు. నితీష్‌ను ట్రాక్టరు చాటుకు రమ్మన్నాడు.

"నీకు ఫోన్ చేయించింది ఎందుకనుకున్నవు? ఊరందరికి ధూపం వెయ్యమనా?"

"సార్..."

"ఇను. మీ నాయిన పేరు రాస్తే నువ్వు సస్పెండు. నా స్టాఫ్ ఇంట్లనే పండుతున్నదని రేపు పేపర్ల నా ఇజ్జత్ పోతది. ఖాళీ చేతులతోని పోదామంటే ఫొటో జిల్లా అంత తిరిగింది. ఎవలో ఒకల పేరు రాయాలె." ఎస్సై పొయ్యి వైపు గడ్డంతో చూపించాడు. "వాడెవడు?"

నితీష్‌కు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. 

"బాయిలర్ పని సార్. నది అవతల నుంచి సీజనుకు వస్తడు. మంచోడు."

"నది అవతలోడు గద. విత్తనాలు తెచ్చిండు, మీకు తెల్వకుండ గట్టు మీద పెట్టిండు, దొరికిపోతనని కాలబెడ్తున్నడు. చేతుల కొమ్మతోని దొరికిండు. మేమంత కండ్లార చూసినం."

"సార్, చెట్లు మా గట్టు మీదివి."

"గట్టు మీద చెట్లేవి? వస్తు వస్తు చూసినం, గుంతలున్నయి. మీ అవ్వ పని బరాబరే చేసింది." ఎస్సై అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా లేదు, అదే భయపెట్టింది. "నిన్ను బతికిద్దామనే అంటున్న నితీష్. బెయిలు మీరే పెట్టుకోండ్రి. పంచనామా నువ్వే రాయి, నీ అక్షరం మంచిగుంటది."

నితీష్ తండ్రి దగ్గరికి నడిచాడు. బాయిలర్ బుసలో ఉన్న ఆత్మారాంకు తప్ప అందరికీ వినబడేలాగే అడిగాడు.

"బాపు, ఆత్మారాం కాక పేరు రాయమంటున్నరు. నువ్వు పొద్దటి సంది అంటున్నవు గద, నావే అని చెప్త అని. చెప్పు. సారు ఈన్నే ఉన్నడు."

రాందాస్ నోరు తెరిచాడు. ఎస్సై వైపు చూశాడు. జీపు వెనక ఇనుప జాలీ వైపు చూశాడు. కొడుకు వేసుకున్న ఖాకీ ప్యాంటు వైపు చూశాడు. దమ్ము లాగి వదిలినట్టు ఊపిరి వదిలి, నెత్తి మీది రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. 

ఆయన చెడ్డవాడు కాడు. కొడుకు కోసం మొక్కినవాడే. ఆ కొడుకు ఉద్యోగం కోసమే ఊరుకున్నానని రేపు తనకు తాను చెప్పుకుంటాడు కూడా. అందులో సగం నిజం ఉండడమే ఆయన కర్మ.

నితీష్ జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు. ఎస్సై చెబుతుంటే రాశాడు. పేరు దగ్గర కలం ఆగింది. "రాయి," అన్నాడు ఎస్సై. రాశాడు.

అనిల్‌కుమార్ ఇంకు డబ్బీ తెరిచి ఆత్మారాంను పిలిచాడు. ఆయన చువ్వ గోడకు ఆనించి, చేతులు ధోతికి తుడుచుకుని వచ్చాడు.

"కాయ్ కాయిదం సాబ్? తెలుగు చదువుడు నాకు రాదు."

"ఈడ మంట మండిందని. ఏలు ముద్ర పెట్టు, పో."

ఆత్మారాం బొటనవేలు ఇంకులో అద్ది, ఆగాడు. పోలీసుల మాట మీద ఆయనకు నమ్మకం లేదు. పెద్దవాళ్ళ మాట మీద ఉంది. రేణుకమ్మ వైపు తిరిగాడు.

"ఆయీ, పెట్టాల్నా?"

రేణుకమ్మ కొడుకును చూసింది. మొగుణ్ణి చూసింది. తన చేతుల్లో గోళ్ళ కింద ఇంకా మట్టి ఉంది.

"పెట్టు ఆత్మారాం," అంది. "ఏం గాదు. మేమున్నం."

అన్నది, కొంగు నోట్లో కుక్కుకుంది. పొద్దున ఆ మనిషికి జొన్నరొట్టె మీద ఉల్లిగడ్డ కారం వేసి పెట్టింది ఈమే. 

ఆత్మారాం వంగాడు. వేలు కాగితానికి ఆనేలోపు ఆయన మణికట్టును ఒక చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దు కాకా," అంది అంకిత. "గంజాయి నువ్వే పెట్టినవని రాసిండ్రు అండ్ల."

ఆత్మారాం ఆమెను చూశాడు. కాగితాన్ని చూశాడు. తర్వాత రేణుకమ్మను చూశాడు, అది చూడలేక ఆమె మొహం తిప్పుకుంది. వేలికున్న ఇంకు అంకిత తెల్ల కోటు చేతికి పూసుకుపోయింది. ఆమె పట్టు వదల్లేదు.

ఎస్సై మొహంలో నిద్ర వదిలింది.

"దవాఖానామె లెక్కున్నది. కేసుల అడ్డం వస్తున్నది. ఎవరీమె?" అన్నాడు రాందాస్‌తో.

రాందాస్ రుమాలు మడత పెట్టుకున్నాడు. రేణుకమ్మ నోట్లో కొంగు తీయలేదు. నితీష్, అంకితల పెళ్ళిలో బువ్వ వడ్డించిన అనిల్‌కుమార్ కూడా ఇంకు డబ్బీ మూత కోసం నేల మీద వెతుకుతున్నాడు.

"నితీష్, నిన్నే అడుగుతున్న. ఎవరీమె? మీ ఇంటామెనా, బయటామెనా? బయటామెనైతే ఆమె పేరు సుత రాయాలె."

అంకిత కూడా మొగుడి వైపు తిరిగింది. ఆమె అడగలేదు, చూసింది అంతే.

నితీష్ పంచనామా మీది నుంచి తల ఎత్తలేదు.